ఐదువేల నలభైకి ఒకటి తక్కువ

పోయిన వారం కుప్పం బస్టాండులో నా ముందు ఆగిన బస్సును ఎక్కకుండా వదిలేశాను. పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోయే బస్సే. సీట్లు కూడా ఖాళీగా ఉన్నాయి. కానీ దాని నెంబరు ప్లేటు మీద ఆఖరి నాలుగంకెలు 5039.

"ఎక్కమ్మా, ముందర సీటుండాది" అన్నాడు కండక్టరు.

"నాకొద్దప్పా. నువ్వు పో."

"ఇప్పుడే గదమ్మా పుంగనూరు అంటివి? ఇది పోతే ఇంక గంటదాకా బస్సు లేదు."

"లేకుంటే లేకపోనీ."

"యాలమ్మా? బస్సుకేమొచ్చింది, బాగనే ఉండాది గదా?"

"బస్సు బాగుండాది. నెంబరే బాలేదు."

వాడు నా తెల్లజుట్టు చూశాడు, చేతిలోని గుడ్డసంచి చూశాడు, ముసలామెకు జాతకాల పిచ్చి అనుకున్నాడు. నెంబరు ప్లేటు దగ్గరికి పోయి వేళ్ళు మడిచి లెక్కేశాడు. "ఐదూ మూడూ తొమ్మిదీ పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది. అవునమ్మోవ్, శని నెంబరే!" అని నాకే పాఠం చెప్పి విజిలేశాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. వీడికి బడిలో లెక్కలు చెప్పినది నేనే అయినా ఆశ్చర్యం లేదు, అంత చక్కగా ఉంది వాడి కూడిక.

ఆ సంఖ్యకు శనితో ఏ సంబంధమూ లేదు. శని ఎవరన్నా ఉంటే అది నేనే. గంటసేపు ఆ సిమెంటు బల్ల మీద కూర్చుని, పోయే బస్సుల పొగ మింగుతూ, మళ్ళీ అదంతా తలచుకున్నాను. తలచుకోవద్దనుకున్నా ఆగేది కాదు.

*

మా ఇల్లు మదనపల్లె ఊరి చివర మగ్గాల వీధిలో ఉండేది. పొద్దున లేచేసరికి ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినిపించేది. ఏ ఇంట్లోంచి వినిపించలేదో ఆ ఇంట్లో సావన్నా అయ్యుండాలి, జరమన్నా వచ్చుండాలి. వీధిలో అడుగుపెడితే తడిసిన పట్టు వాసన, గంజి వాసన, గుంటమగ్గాల్లోంచి చెమ్మమట్టి వాసన. ఆ పట్టు వాసన కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. మాకు అది అన్నం వాసనతో సమానం.

ఇంట్లో నాయిన, అమ్మ, అవ్వ, అక్క, నేను. నాయిన రోజంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఉండేవాడు. అమ్మ ఇంటిపని చేసుకుని పోగులు అతికేది. అవ్వ పనంతా నోటితోనే. గడప పక్కన గోడకానుకుని వక్క దంచుకుంటూ, వీధిలో పోయేవాళ్ళ ఏడుతరాలు తవ్విపోసేది. మధ్యాహ్నం రాగిసంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి. ఊరిబిండిలో చెనిక్కాయలు, అదే వేరుశనగలు, తక్కువై మిరపకాయలు ఎక్కువైతే ఆ వారం పని తక్కువగా ఉందని నాకు అర్థమయ్యేది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కొంచెం మగ్గం సంగతి చెప్పాలి, లేకుంటే తర్వాతది అర్థం కాదు. చీరకు నిలువు పోగులంతా కలిపి పడుగు. ఒక పడుగు నేసేశాక పాత పోగుల కొసల్ని మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక దాంట్లోని ఒక్కొక్క పోగునూ తెచ్చి ఒక్కొక్క పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటే రెండు రోజుల పని. మా మగ్గం నలభైరెండు పుంజాలది. పుంజమంటే నూట ఇరవై పోగులు. మొత్తం ఐదువేల నలభై.

ఆ మొత్తాన్ని మా ఇంట్లో ఎవరూ నోటితో అనరు. పుంజాలనే అనాలి. పోగుల్ని ఒకటి రెండు అని ఎంచకూడదు. అది అవ్వ పెట్టిన కట్టడి, అవ్వకు వాళ్ళత్త పెట్టిందట. "కన్నబిడ్డల్ని ఎంచరు, కల్లంలో గింజల్ని ఎంచరు, మగ్గం మీద పోగుల్ని ఎంచరు. ఎంచితే తరుగుతాది" అనేది. నాయిన నలభై ఏళ్ళ మనిషి, ఎవరికీ తలవంచనివాడు, అవ్వ ఆ మాటంటే మాత్రం చిన్నపిల్లోడిలా తలూపేవాడు.

అక్క మాత్రం ఆ సంఖ్యను వదల్లేదు. అప్పుడే పది ప్యాసైంది. బళ్ళో లెక్కలయ్యవారు తనకు రాని లెక్కను అక్క చేత చేయించి పిల్లలకు చెప్పేవాడని చెప్పుకునేవాళ్ళు. రాట్నం తిప్పి పోగును కండెలకు చుడుతూ, పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలు ముక్కతో ఏవేవో భాగహారాలు వేసేది. నాకప్పుడు పదకొండేళ్ళు. పక్కన కూర్చుని కండెలు అందించడం నా పని, ఆమె చెప్పేది వినడం కూడా నా పనే.

"ఈ ఐదువేల నలభై సూడే" అంది ఒకరోజు గొంతు తగ్గించి, అవ్వకు వినబడకుండా. "రెండుతో తెగుతాది, మూడుతో తెగుతాది, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. దేంతో భాగించినా శేషం లేదు."

"పదకొండు?"

"పదకొండుకు తెగదు. మళ్ళా పన్నెండుకు తెగుతాది. ఒకటీ రెండూ మూడూ అని ఏడుదాకా గుణించుకుంటా పో, ఇదే వస్తాది. ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ పదీ గుణించు, మళ్ళా ఇదే. మన తాతలకు లెక్కలు రావంటారే, వాళ్ళకు తెలిసి పెట్టుకున్నారో తెలియక పెట్టుకున్నారో గాని, పదివేల లోపల దీని కంటే ఎక్కువ ముక్కలయ్యే సంఖ్య యాడా దొరకలేదు నాకు. అరవై కారణాంకాలు దీనికి!"

పది వేల లోపల 7560కీ 9240కీ అరవై నాలుగు ఉన్నాయని అక్కకు తర్వాత తెలిసింది. తెలిసిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. అంత ప్రేమ ఆ సంఖ్య మీద.

"ఒకటి తక్కువైతే?" అని అడిగాను నేను. ఊరికే అడిగాను.

అక్క వెంటనే పెన్సిలు తీసుకుంది. మర్నాడు సాయంత్రం క్యాలెండరు కాగితాలు రెండు నింపి తెచ్చింది. డెబ్బై ఒకటి లోపల ఉన్న పంతొమ్మిది ప్రధాన సంఖ్యలతోనూ 5039ని భాగించి చూసిందట. ఒక్కదాంతోనూ తెగలేదు. "ఇది ఒంటిదే" అంది. "దీన్ని ఎవురూ పంచలేరు. ఒక్క పోగు తీసేస్తే సాలు, అంత కలుపుగోలుగా ఉండేది ఇట్లయిపోతాది."

"ఒకటి ఎక్కువైతే?"

"అది ఇంకో తమాషా. డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లు. ఇంక ఎవురితోనూ కలవదు."

నాకు అదంతా అప్పుడు పొడుపుకథలా ఉండేది. ఇప్పుడు ఆ మూడు సంఖ్యలూ నాకు మనుషుల మొహాల్లా గుర్తు.

*

ఆ వేసవి చివర లెక్కలయ్యవారు ఇంటికొచ్చాడు. నాయిన మగ్గం గుంటలోంచి లేచి, భుజాన తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పాపను కాలేజీలో చేర్పించప్పా. ఇంత తెలివి ఇంట్లో పెట్టుకుని కండెలు చుట్టిస్తే పాపం తగులుతుంది" అన్నాడు అయ్యవారు.

నాయిన వెంటనే కాదనలేదు. అదే గొప్ప. "షావుకారు కూతురి పెండ్లిసీర ఒకటి నెయ్యాల సామీ. ఎర్రపట్టు. పడుగు రేపో ఎల్లుండో వస్తాది. ఆ సీర మంచిగా దిగితే నేనే పిల్చుకోని పోయి సేరుస్తా. నా మాట మాటే" అన్నాడు.

చేరడానికి గడువు ఇంకా నెలపైన ఉంది. అక్క ఆ రోజు నుంచి నేలమీద నడవలేదు. అవ్వ కాళ్ళు పిసికింది, అమ్మ చేతిలో చేట లాక్కుని తనే చెరిగింది, నాకు రెండు జడలేసి రిబ్బను కట్టింది. చీర మంచిగా దిగడం ఒక్కటే అడ్డు. నాయిన చేతిలో చీర చెడడమనేది వీధిలో ఎవరూ ఎరగరు.

సరిగ్గా అప్పుడే మొదటి వాన కురిసింది, తుమ్మచెట్ల మీద బంగారు పురుగులు వచ్చాయి.

బంగారు పురుగంటే ఇప్పటి పిల్లలకు తెలుసో లేదో. వీపంతా ఆకుపచ్చా బంగారమూ కలిసి మెరుస్తుంది. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకోవాలి. మెడకు దారం కట్టి వదిలితే గిర్రున తిరుగుతూ ఎగురుతుంది, జుయ్యిమని చప్పుడు. నేను నూలుదారం కట్టాను. బరువుకు పురుగు ఎగరలేదు, నేలమీద దేక్కుంటూ పోయింది. వీధిలో పిల్లలు నవ్వారు. "నీ పురుగుకు కుంటికాలు" అని పాట కట్టారు. నాకు రోషమెక్కువ, ఇప్పటికీ ఎక్కువే.

మధ్యాహ్నం తిని అందరూ కునుకు తీస్తున్నారు. మగ్గం మీద పాత పడుగు కొసలు, ఎర్ర పట్టువి, వేలాడుతున్నాయి. ఒక్కటి పట్టుకుని లాగాను. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు మొత్తం ఊడి చేతికొచ్చింది. గజం పొడవు. వేలకు వేలు ఉన్నాయి కదా, ఒకటి పోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అక్క చెప్పిన లెక్కలన్నీ విన్న బుర్రే ఇది! విని ఏం లాభం?

ఆ పట్టుపోగు కట్టి పెరట్లో పురుగును వదిలితే పైకి లేచి, నా తల చుట్టూ తిరిగి తిరిగి మెరిసింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు. అంతలో అక్క చెంబు తీసుకుని పెరట్లోకి వచ్చింది. పురుగును గుప్పిట్లో పట్టి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"ఏం సేస్తాండావే ఎండలో?"

"ఏం లేదు, ఊరికే."

అక్క చెంబు ముంచుకుని లోపలికి పోయింది.

*

మర్నాడు పడుగు వచ్చింది. పుంగనూరులో ఒక సాయిబు ఆసు పోసేవాడు. అంటే పట్టుపోగుల్ని కొయ్యల చుట్టూ తిప్పి పడుగుగా అమర్చేవాడు. వయసైన మనిషి, తెల్ల టోపీ, మేమంతా సాయిబు తాత అనేవాళ్ళం. ఒక్కొక్క పుంజం తిప్పడం అయ్యాక చింతగింజ ఒకటి డబ్బాలో వేస్తాడు. డబ్బాలో నలభైరెండు గింజలైతే పడుగు అయినట్టు.

అమ్మా అక్కా రెండు రోజులు కూర్చుని అతికారు. బూడిద వేళ్ళతో మెలిపెట్టి మెలిపెట్టి అక్క బొటనవేలు కందిపోయింది. రెండో రోజు పొద్దు వాలేవేళకు కొసలన్నీ అయిపోయాయి. అమ్మ చేతిలో కొత్త పోగు ఒకటి మిగిలింది.

"ఇదేందే, ఒకటి మిగిలింది?" అంది అమ్మ.

నాయిన వచ్చి చూశాడు. "సాయిబు ఒకటి ఎక్కువ తిప్పినట్టుండాడు. కండ్లు కనపడతాండాయో లేదో ముసలోనికి. రేపు రమ్మని కబురు పెడతా" అన్నాడు. ఆయనకు అది చిన్న విషయం. మిగిలిన పోగు తెంపేస్తే అయిపోయె. కానీ సాయిబును ఒక మాటనకుండా వదలడం ఆయనకు చేతగాదు.

అక్క మగ్గం వైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో సాయిబు తాత వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ నీళ్ళిచ్చింది. నాయిన మిగిలిన పోగు తెచ్చి ఆయన మోకాలి మీద వేశాడు.

"ఏం భాయ్, ఇది నీదే గదా?"

సాయిబు తాత దాన్ని వేలికి చుట్టి చూశాడు. "నాదే. అయితే?"

"ఎక్కువ తిప్పినావు. లెక్క తప్పినావు."

తాత మొహం ఎర్రబడింది. "అరే, ఏమంటాండావప్పా! నలభై ఏండ్లుగా ఆసు పోస్తాండా. పుంజానికొక గింజ. అల్లా కసం, నా సేతిలో పోగు ఎక్కువ పడదు, తక్కువ పడదు."

"మరి ఇది యాడిది? ఆకాశంలోనించి పడిందా?"

నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. లంగా మడతలో అగ్గిపెట్టె. లోపల పురుగు గీరుతోంది. ఆ చప్పుడు వీధంతా వినబడుతున్నట్టే అనిపించింది నాకు. దొంగకు తేలు కుట్టినట్టంటారే, అచ్చం అదే నా గతి.

అప్పుడు అక్క లోపల్నుంచి వచ్చింది. "తాత తప్పేం లేదు నాయినా" అంది. "మన మగ్గంలోనే ఒక పోగు లేదు."

"నీకెట్ల తెలుసు?"

"పొద్దన్నే ఏడేసి పోగులు పక్కకు జరుపుకుంటా పోయినా. అన్నీ సరిపోయి ఆఖర్న ఆరే వచ్చినాయి. మళ్ళా పదేసి జరిపినా. ఆఖర్న తొమ్మిదే వచ్చినాయి. మగ్గంలో నలభైరెండు పుంజాలు నిండుగా ఉంటే ఏడుకూ తెగాల, పదికీ తెగాల. రెండిటికీ ఒక్కటే తక్కువొస్తాండాదంటే పోగు ఈడ పోయింది. తాత పోసింది సరిగ్గానే ఉండాది."

ఐదువేల పోగుల్ని ఎంచకుండా, ఎన్ని కట్టలో కూడా చూడకుండా, ఆఖరి కట్ట ఒక్కటి చూసి తేల్చేసింది. ముప్పై ఏళ్ళలో వేలమంది పిల్లలకు శేషాల లెక్కలు చెప్పాను. అంత ముచ్చటగా ఎవరూ చేసింది చూడలేదు.

అవ్వ వక్క రోలు పక్కకు నెట్టింది. "ఎంచినావా? నా ఇంట్లో పోగులెంచినావా?"

"ఎంచలేదవ్వా. జరిపినా అంతే. మొత్తం ఎన్నో నేను సూడనే లేదు."

"అదీ ఎంచడమే! నోటితో ఎంచితే ఒకటీ, ఏలితో ఎంచితే ఇంకొకటీనా? మగ్గానికి దిష్టి తగిలిస్తివి గదే!"

"నాయినా, పుంజం పుంజం సూస్తే ఖాళీ యాడుందో దొరుకుతాది" అంది అక్క, అవ్వ మాట పట్టించుకోకుండా. "అర్ధదినం పని. ఆ పోగు ఆడ ఏసేస్తే అయిపాయె."

నాయిన ఒప్పుకుని ఉండాల్సింది. ఒంటరిగా చెప్పి ఉంటే ఒప్పుకునేవాడేమో కూడా. కానీ సాయిబు తాత టోపీ సర్దుకుంటూ ఒక చిన్న నవ్వు నవ్వాడు. అది నాయిన చూశాడు.

"పరాయోళ్ళ ముందర నాయినను తప్పు పట్టేంత పెద్దదానివైతివా? నోరు ముయ్" అన్నాడు. సాయిబు మోకాలి మీది పోగు లాక్కుని, నాలుగు ముక్కలు చేసి వీధిలో వేశాడు.

తాత లేచాడు. పోతూ పోతూ అక్క తలమీద చెయ్యి పెట్టాడు. "నా మాట నిలబెట్టినావు బేటీ. బాగా సదువుకో" అన్నాడు. మళ్ళీ మా ఇంటికి పడుగు పోయలేదు ఆయన.

*

చీర నేయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. గుంటమగ్గం గది చీకటి. ఖాళీ ఎక్కడో అంచుకు దగ్గరగా, జరీ పక్కన ఉండినట్టుంది. బిగువు మీద ఉండగా నాయినకు కనబడలేదు. చూడాలనుకోనివాడికి అసలు కనబడదు. ఆ పద్దెనిమిది రోజులూ అక్క మగ్గం వైపు పోలేదు. నేను మాత్రం రోజూ పోయి వెతికేదాన్ని. దొరికితే నేనే పోగు దూర్చేద్దామని నా తెలివి. పదకొండేళ్ళ కళ్ళకు ఏం దొరుకుతుంది?

పురుగు నాలుగో రోజే చచ్చింది. దారంతో సహా తీసి దిబ్బలో పారేశాను.

నాయిన చీర తీసుకుపోతే షావుకారు దాన్ని వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టాడు. ఈ కొస నుంచి ఆ కొసదాకా వెంట్రుకంత సన్నని గీత, పొడుగునా. అందులోంచి వెలుగు కనబడింది. ఆయన కోప్పడలేదు, మడిచి నాయిన చేతిలో పెట్టాడు. "ఇది పెండ్లికూతురు కట్టేది కాదప్పా" అన్నాడు. నాయిన ఇంటికొచ్చి చీర కింద పెట్టి ఆ మాట చెప్పాడు.

అవ్వ కాచుకునే ఉంది. "నేను సెప్పలేదా? ఎంచింది, తరిగింది."

"ఎంచినందుకు తరగలేదవ్వా. తరిగినందుకే నేను సూసినా" అంది అక్క. "నేను సెప్పిన దినమే ఇని ఉంటే సీర మంచిగా దిగేది గదా నాయినా?"

అది నిజం. అచ్చమైన నిజం. ఆమె ఏం జరుగుతుందని చెప్పిందో అదే జరిగింది. జవాబు లేనివాడికి చెయ్యి లేస్తుంది. నాయిన కొట్టాడు. అంతకుముందు అక్క మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. అక్క ఏడవలేదు. చెంప పట్టుకుని, నాయిన వైపు కాకుండా, తలుపు దగ్గర ఉన్న నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇంక కాలేజీ లేదు, కాకరకాయా లేదు. రేపట్నించి ఖాళీగా పడుండే ఆ రెండో మగ్గంలో కూసో" అన్నాడు నాయిన.

క్యాలెండరు కాగితాలు అవ్వ నీళ్ళపొయ్యిలో వేసింది. అరవై కారణాంకాలూ, పంతొమ్మిది భాగహారాలూ, డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లూ. ఆ నీళ్ళతోనే మేమంతా స్నానాలు చేశాం.

చెబుదామని నేను అనుకోలేదని కాదు. ఆ రాత్రి పడుకుని రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు నాయిన మొహం చూసి ఎల్లుండి అనుకున్నాను. కాలేజీ గడువు దాటిపోయింది. దాటిపోయాక ఇంకేం లాభమనుకున్నాను. పిరికిదానికి సాకులకు కరువా? ఒకటి పోతే ఇంకొకటి దొరికేది.

ఐదేళ్ళకు నేను పది ప్యాసయ్యాను. అప్పటికి నాయిన మెత్తబడ్డాడు, పశ్చాత్తాపం ఆయన్ను లోపల తింటున్నట్టుంది. "ఒకదాన్ని ఆపి తప్పు సేసినా. దీన్నన్నా సదవనీ" అని నన్ను కాలేజీలో చేర్చాడు. అక్క చదువు తెగిన చోట నేను మొదలుపెట్టాను. లెక్కలే తీసుకున్నాను. కుప్పం దగ్గర బళ్ళో టీచరునయ్యాను. ఏటా తొమ్మిదో తరగతి వాళ్ళకు బోర్డు మీద 5040 రాసి, "దీని పక్కనున్న ఇద్దరినీ చూడండి" అని ఆ మూడు సంఖ్యల కథ చెప్పేదాన్ని. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. లెక్కలు చెప్తే ఈ టీచరే చెప్పాలి అనేవాళ్ళు. ఒక్క ఏడన్నా, ఒక్క తరగతిలోనన్నా, ఇది మా అక్క కనిపెట్టింది అని చెప్పలేదు. అదీ నా బతుకు.

*

గంట తర్వాత వేరే బస్సు వచ్చింది. వీ.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నమైంది.

అక్కను పుంగనూరులో మగ్గాలవాళ్ళకే ఇచ్చారు. ఇప్పుడు మగ్గం లేదు, కళ్ళూ సరిగ్గా లేవు. నన్ను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపడుతుంది. "ఆలీసమైంది?" అంది.

"బస్సొకటి వదిలేస్తి."

"యాల?"

చెప్పాను. నెంబరు చెప్పాను. అక్క చిన్నగా నవ్వింది. "ఒంటిది" అంది. ఇన్నేళ్ళకు కూడా తడుముకోలేదు.

పళ్ళెంలో సంగటి పెట్టి, చేత్తో గుంట చేసి పచ్చిపులుసు పోస్తోంది. అప్పుడు చెప్పేశాను. "అక్కా, ఆ పోగు నేనే పెరికినా. పురుగుకు కట్టేదానికి."

అక్క చెయ్యి ఆగలేదు. పులుసు పొయ్యడం అయ్యాక గరిటె పక్కన పెట్టింది.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"పెరట్లోకి నీళ్ళకు వస్తి గదా, ఆ దినమే. నీ గుప్పిట్లోనించి ఎర్రపట్టు యాలాడతా ఉండె."

"మరి మిగిలినప్పుడు యాల సెప్పలేదక్కా? ఆ అగ్గిపెట్టి తీసి నాయిన సేతిలో పెట్టుంటే సాలు గదా!"

"నువ్వు సెప్తావని" అంది అక్క. "సాయిబు తాత వచ్చిన దినం సూసినా. సీర తిరిగొచ్చిన దినం సూసినా. నాయిన కొట్టినప్పుడు నీ మొగమే సూసినా. కాలేజీ గడువు ఆఖరు దినం పొద్దు గూకేదాకా సూసినా. సిన్నపిల్ల, బయపడింది, పోనీలే, పెద్దయినాక సెప్తాదిలే అనుకున్నా. నువ్వు పెద్దయితివి. కాలేజీకి పోతివి. టీచరైతివి. రిటైరైతివి."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. పోగులు జరిపినట్టు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. అదే నాకు ఎక్కువ మండింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నా మీద కోపం లేదా అక్కా?"

"యాల లేదు? ఉండాది" అంది. "శానా ఉండాది. ఇప్పుడు సెప్పినావని పొయ్యేది గాదు. తిను, సల్లారిపోతే సంగటి గొంతు దిగదు."

తిన్నాను. వేడిగా ఉన్నా గొంతు దిగలేదు, అయినా తిన్నాను. పళ్ళెం కడిగి పెట్టి బయలుదేరాను. మళ్ళీ ఎప్పుడొస్తావని ప్రతిసారీ అడిగేది. ఈసారి అడగలేదు.

బస్టాండులో కుప్పం పోయే బస్సు నిలబడి ఉంది. పొద్దునదే. మదనపల్లె పోయి తిరిగొచ్చింది. అదే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, ఇప్పుడు నెంబరు బాగయిందా?"

"లేదప్పా" అని ఎక్కి కూర్చున్నాను.